పదకొండుమంది విజేతలు, ఒకే మూలం: 1982 ఫార్ములా వన్ సీజన్‌పై పునర్విచారణ

1982 ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌ను తలచుకునేవాళ్లలో రెండు వర్గాలు కనిపిస్తాయి. అంత హోరాహోరీగా సాగిన ఏడాది మరొకటి లేదని కొందరు మురిసిపోతారు. అన్ని చావులూ గాయాలూ చూసిన ఏడాది మళ్లీ రాకూడదని కొందరు బాధపడతారు. ఇద్దరి మాటకూ ఆధారాలు పుష్కలంగా ఉన్నాయి. జనవరి 23న దక్షిణాఫ్రికాలోని కయలామీలో మొదలై సెప్టెంబరు 25న లాస్ వేగస్‌లో ముగిసిన ఆ సీజన్‌లో 16 రేసులు జరిగితే 11 మంది డ్రైవర్లు గెలిచారు. రెండుకు మించి ఎవరూ గెలవలేదు. మొనాకో నుంచి డిజోన్ దాకా వరుసగా తొమ్మిది రేసులను తొమ్మిదిమంది పంచుకున్నారు. ఒకే ఒక్క రేసు గెలిచిన కేకే రోస్‌బెర్గ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అదే ఏడాది జిల్ విల్నవ్, రికార్డో పాలెట్టి మరణించారు. పాయింట్ల పట్టికలో అగ్రస్థానంలో ఉన్న డిడియే పిరోనీ రెండు కాళ్లూ నుజ్జయి మళ్లీ ఫార్ములా వన్ రేసులో దిగలేదు. ఇన్ని అనూహ్య ఘటనలు ఒకే ఏట కలిసిరావడంతో, ఉత్కంఠను అదృష్టం ఖాతాలో, మరణాలను విధి ఖాతాలో వేసి ఊరుకోవడం చాలామందికి అలవాటైంది. ఆ అలవాటు సరికాదు. ఆ ఏడాది పోటీ అంత విస్తృతంగా ఉండటానికీ, కార్లు అంత ప్రమాదకరంగా ఉండటానికీ మూలం ఒక్కటే. ఏది న్యాయమైన కారు, ఏది కాదు అని తేల్చే అధికారం ఎవరిదన్నది తెగకపోవడమే ఆ మూలం. 1982 రికార్డును వరుసగా పరిశీలిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

ముందుగా యంత్రాల సంగతి. అప్పటి నియమాల ప్రకారం ఒక జట్టు 3 లీటర్ల మామూలు ఇంజను గానీ, 1.5 లీటర్ల టర్బో ఇంజను గానీ వాడవచ్చు. మామూలు ఇంజన్లలో రారాజు కాస్‌వర్త్ డీఎఫ్‌వీ. 1967లో జాన్‌డ్‌వర్ట్‌లో తొలి రేసులోనే గెలిచిన ఈ ఇంజనును ఏ జట్టయినా డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. విలియమ్స్, మెక్‌లారెన్, లోటస్, టిరెల్ వంటి బ్రిటిష్ జట్లు నిలబడింది దాని మీదే. టర్బోను 1977లో ఫార్ములా వన్‌లోకి తెచ్చింది రెనో. తర్వాత ఫెరారీ చేరింది, 1982లో బ్రాభమ్‌తో కలిసి బీఎండబ్ల్యూ కూడా దిగింది. టర్బోకు శక్తి ఎక్కువ, ఓర్పు తక్కువ. అలెన్ ప్రోస్ట్ రెనోలో మొదటి రెండు రేసుల నుంచి 18 పాయింట్లు తెచ్చుకుని, తర్వాతి ఏడు రేసుల్లో ఒక్క పాయింటు కూడా సంపాదించలేకపోవడమే దీనికి నిదర్శనం. కాస్‌వర్త్ జట్ల దగ్గర శక్తి తక్కువైనా రెండు ఆయుధాలు ఉన్నాయి. ఒకటి, తేలికైన కారు. రెండు, 'గ్రౌండ్ ఎఫెక్ట్'. కారు అడుగుభాగాన్ని తలకిందులు చేసిన విమానపు రెక్కలా మలిచి, ఇరుపక్కలా గాలి చొరబడకుండా స్కర్టులు కడితే, కింద పీడనం తగ్గి కారు నేలకు అతుక్కుంటుంది. 1970ల చివర్లో లోటస్ దీన్ని ప్రపంచానికి చూపించింది. టర్బో కార్లకూ ఈ సదుపాయం ఉంది. కానీ ఇరుకైన వి8 డీఎఫ్‌వీ పక్కన గాలి సొరంగాలకు దొరికే చోటు, తేలికదనం కలిసి బ్రిటిష్ జట్లకు మలుపుల్లో ఊపిరి పోశాయి.

ఈ రెండు దారుల మధ్య పోటీ ఎలా నడిచిందో ఫలితాలే చెబుతాయి. 16 రేసుల్లో టర్బోలు గెలిచినవి 8, కాస్‌వర్త్ గెలిచినవి 8. ఎవరు ఎక్కడ గెలిచారో చూస్తే ఆ సీజన్ ఒక లాటరీ అన్న మాట నిలబడదు. లాంగ్ బీచ్, మొనాకో, డెట్రాయిట్ వీధులూ, లాస్ వేగస్ హోటల్ పార్కింగ్ స్థలంలో వేసిన ట్రాకూ అన్నీ కాస్‌వర్త్‌వే. పొడవైన స్ట్రెయిట్లున్న పాల్ రికార్, హాకెన్‌హైమ్, మోంజా మూడూ టర్బోలవే. పాల్ రికార్‌లో మొదటి నాలుగు స్థానాలూ టర్బోలకే దక్కాయి. రెనే ఆర్నూ, ప్రోస్ట్, పిరోనీ, పాట్రిక్ తాంబే, నలుగురూ ఫ్రెంచివాళ్లే. సముద్రమట్టానికి ఎంతో ఎత్తున, గాలి పలచగా ఉండే కయలామీలోనూ టర్బోదే పైచేయి. వేగవంతమైన ఆస్ట్రియా సర్క్యూట్‌లో మాత్రం టర్బోలు ఒకటొకటిగా చేతులెత్తేయడంతో ఎలియో డి ఆంజెలిస్ లోటస్, రోస్‌బెర్గ్ విలియమ్స్ కంటే సెకనులో ఇరవయ్యో వంతు ముందు గీత దాటింది. మొనాకోను లాటరీ వాదులు తరచూ ఉదహరిస్తారు. చివరి ల్యాపుల్లో చినుకులకు ప్రోస్ట్ గోడను గుద్దాడు, ముందుకొచ్చిన రికార్డో పత్రేసే గిర్రున తిరిగాడు, పిరోనీ కారు సొరంగంలో ఆగింది, ఆండ్రియా డి చెజారిస్‌కు ఇంధనం అయిపోయింది, డెరెక్ డాలీ గేర్‌బాక్సు పట్టేసింది. చివరికి పత్రేసేనే, తాను గెలిచానని తనకే తెలియకుండా గెలిచాడు. ఆ ఒక్క మధ్యాహ్నం అదృష్టానిదే, ఒప్పుకోవచ్చు. కానీ పదహారు మధ్యాహ్నాలను కలిపి చూస్తే కనిపించేది శక్తికీ పట్టుకూ మధ్య, వేగానికీ నమ్మకానికీ మధ్య ఉన్న తూకం. ఆ తూకాన్ని నిలిపినవి తేలికదనమూ, గ్రౌండ్ ఎఫెక్టూ. సరిగ్గా ఆ రెండింటి చుట్టూనే అధికార యుద్ధం రగిలింది.

ఆ యుద్ధంలో ఒకవైపు అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య క్రీడా విభాగమైన ఫీసా, దాని అధ్యక్షుడు జాన్ మారీ బాలెస్ట్ర. రెండోవైపు నిర్మాతల సంఘం ఫోకా, దాని నాయకుడు, బ్రాభమ్ యజమాని బెర్నీ ఎకిల్‌స్టన్. ఫెరారీ, రెనో, ఆల్ఫా రోమియో వంటి కార్ల కంపెనీలు ఫీసా పక్షాన, బ్రిటిష్ జట్లు ఫోకా పక్షాన నిలిచాయి. 1981లో పారిస్‌లో కుదిరిన కాన్‌కార్డ్ ఒప్పందం డబ్బు వ్యవహారాన్ని ఫోకాకూ, నియమాలను ఫీసాకూ పంచి, సాంకేతిక నియమాలను ఉన్నపళంగా మార్చబోమన్న భరోసా కూడా ఇచ్చింది. కాగితం మీద సంధి కుదిరినా మైదానంలో అపనమ్మకం పోలేదు. కారు కనీస బరువు 580 కిలోలు ఉండాలి. బ్రిటిష్ జట్లు అంతకంటే తేలికైన కార్లు కట్టి, బ్రేకులను చల్లబరచడానికని చెప్పి నీళ్ల ట్యాంకులు బిగించాయి. మొదటి ల్యాపుల్లోనే నీళ్లు పారబోసి తేలికైన కారుతో పరుగెత్తేవారు. రేసు అయ్యాక తూకానికి ముందు మళ్లీ నింపేవారు. ద్రవాలను తిరిగి నింపుకోవచ్చన్న పాత నియమం వాళ్లకు అండ. అక్షరం ప్రకారం ఒప్పు, ఉద్దేశం ప్రకారం తప్పు అనిపించే చోటు అది. బ్రెజిల్‌లో నెల్సన్ పికే, రోస్‌బెర్గ్ మొదటి రెండు స్థానాల్లో వచ్చినప్పుడు రెనో, ఫెరారీ ఫిర్యాదు చేశాయి. మార్చి 21న జరిగిన రేసు ఫలితం ఏప్రిల్‌లో అప్పీలు న్యాయస్థానంలో తారుమారైంది. ఇద్దరినీ అనర్హులుగా ప్రకటించి ప్రోస్ట్‌కు విజయం ఇచ్చారు.

ఈలోగా లాంగ్ బీచ్‌లో ఫెరారీ రెండు వెనక రెక్కలను పక్కపక్కన, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ బిగించి దిగింది. రెక్క వెడల్పు పరిమితిని ఇలా కూడా చదవవచ్చని ఎదుటి పక్షానికి చూపించడమే దాని ఉద్దేశం. మూడోస్థానంలో వచ్చిన విల్నవ్‌ను అనర్హుణ్ని చేశారు. బ్రెజిల్ తీర్పుకు నిరసనగా ఫోకా జట్లు ఏప్రిల్ 25న ఇమోలాలో జరిగిన శాన్ మరీనో రేసును బహిష్కరించాయి. ఇటలీ స్పాన్సర్ల ఒత్తిడి వల్ల వెళ్లక తప్పని టిరెల్‌ను కలుపుకుని 14 కార్లే బరిలో నిలిచాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. టర్బోల ఎనిమిది విజయాల్లో ఒకటి తీర్పు వల్ల వచ్చింది, ఒకటి ప్రత్యర్థులు లేని రేసులో వచ్చింది. ఆ రెండింటినీ పక్కన పెడితే కాస్‌వర్త్ 8, టర్బో 6. అంటే అధికార పోరు మైదానం బయట జరిగిన గొడవ మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. పాయింట్ల పట్టికలోకే అది చొరబడింది. రాజకీయాన్ని వేరే అధ్యాయంగా, రేసులను వేరే అధ్యాయంగా రాసే చరిత్రలు ఇక్కడే పొరబడుతున్నాయి. రేసు ఫలితం నెల తర్వాత పారిస్‌లో మారినప్పుడు, గ్రిడ్డులో సగం కార్లు లేకుండా ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు జరిగినప్పుడు, ఆ రెండు అధ్యాయాలకూ మధ్య గీత గీయలేం.

ఈ తగాదాలో మూడో పక్షం ఒకటి ఉంది. దాని మాటను ఇరువైపులవాళ్లూ పట్టించుకోలేదు. ఆ పక్షం డ్రైవర్లు. సీజన్ మొదటి రేసుకు ముందే, కయలామీలో, ఫార్ములా వన్‌లో నడపడానికి కావలసిన సూపర్ లైసెన్సు కొత్త షరతులను వ్యతిరేకిస్తూ వాళ్లు సమ్మె చేశారు. ఆ షరతులు డ్రైవరును ఒక జట్టుకు కట్టిపడేసేలా ఉన్నాయనీ, పాలకులను విమర్శించే హక్కును లాగేసుకుంటున్నాయనీ వాళ్ల అభ్యంతరం. రెండేళ్ల విరామం తర్వాత మళ్లీ రేసింగ్‌లోకి వచ్చిన నికీ లౌడా ముందు నడిచాడు. డ్రైవర్ల సంఘం అధ్యక్షుడిగా పిరోనీ సర్క్యూట్‌లో ఉండి చర్చలు జరిపాడు. మిగిలినవాళ్లు బస్సెక్కి జొహానెస్‌బర్గ్‌లోని ఒక హోటలుకు వెళ్లి ఒకే హాల్లో పరుపులు వేసుకుని రాత్రి గడిపారు. విల్నవ్, డి ఆంజెలిస్ పియానో వాయించారు. మర్నాడు రాజీ కుదిరి రేసు జరిగింది, జరిగిన వెంటనే డ్రైవర్ల మీద జరిమానాలు పడ్డాయి. ఈ సమ్మెను సరదా కథగా చెప్పుకోవడం పరిపాటి. దాని అసలు ప్రాముఖ్యం వేరు. ఆ కార్లు ఎంత ప్రమాదకరంగా తయారయ్యాయో ఒంటితో తెలుసుకుంటున్నది వాళ్లే. గ్రౌండ్ ఎఫెక్ట్ కార్ల మీద విల్నవ్ బాహాటంగానే అసంతృప్తి చెప్పేవాడు. అలాంటివాళ్లకు నియమాలు రాసే బల్ల దగ్గర కుర్చీ లేదు. జనవరిలో వాళ్లను అణచడానికి ఖర్చుపెట్టిన శ్రద్ధలో కొంత వాళ్ల మాట వినడానికి పెట్టి ఉంటే ఆ ఏడాది మరోలా నడిచేదని నిరూపించలేం. కానీ ఆ శ్రద్ధ ఎటు పోయిందో మాత్రం రికార్డులో ఉంది.

గ్రౌండ్ ఎఫెక్ట్ ఎందుకు ప్రమాదమైందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1981లో ఫీసా జారే స్కర్టులను నిషేధించి, కారుకూ నేలకూ మధ్య 6 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలంది. బ్రాభమ్ డిజైనర్ గార్డన్ మర్రీ, వేగం పెరిగితే గాలి ఒత్తిడికే కిందికి దిగి, కొలిచే చోటికి వచ్చేసరికి పైకి లేచే సస్పెన్షన్ కనిపెట్టాడు. మిగిలిన జట్లు అనుకరించాయి. నియమాన్ని అమలు చేయలేక 1982కు ఫీసా ఆ ఖాళీ నిబంధనను వదులుకుని, కదలని స్కర్టులను అనుమతించింది. కదలని స్కర్టు పనిచేయాలంటే కారుకూ నేలకూ మధ్య దూరం మారకూడదు. మారకూడదంటే స్ప్రింగులు దాదాపు రాయిలా బిగుసుకుని ఉండాలి. దాంతో ప్రతి గతుకూ డ్రైవరు వెన్నెముకను తాకేది, చూపు మసకబారేది. స్కర్టు కింద గాలి చొరబడితే ఆ పట్టు ఒక్క క్షణంలో మాయమయ్యేది. అడుగున సొరంగాలకు చోటు కోసం డ్రైవరు సీటును ముందుకు జరపడంతో, పాదాలు ముందు చక్రాల ఇరుసు కంటే ముందుకు వచ్చాయి. అంటే ఎదురుదెబ్బ తగిలితే మొదట నలిగేది కాళ్లే. జాన్ బర్నార్డ్ రూపొందించిన మెక్‌లారెన్ 1981 నుంచే కార్బన్ ఫైబర్ దేహంతో నడుస్తున్నా, మిగిలిన గ్రిడ్డులో ఎక్కువ భాగం అల్యూమినియం డొప్పలే. ఇలాంటి కారులో క్వాలిఫైయింగ్ పద్ధతి ఇంకో ప్రమాదం. ఒకటి రెండు ల్యాపులకే అరిగిపోయే మెత్తని టైర్లు ఇచ్చేవారు. ఆ ల్యాపులో ముందు ఎవరు అడ్డొచ్చినా వేగం తగ్గిస్తే టైర్లు వృథా అయినట్టే.

మే 8న బెల్జియంలోని జోల్డర్‌లో విల్నవ్ అలాంటి టైర్లతోనే పరుగెత్తుతున్నాడు. నెమ్మదిగా వెళ్తున్న యోకెన్ మాస్ దారివ్వడానికి కుడికి జరిగాడు, విల్నవ్ కూడా కుడివైపే దూరాడు. చక్రాలు తగిలి ఫెరారీ గాల్లోకి లేచి ముక్కలైంది. సీటుతో సహా బయటికి విసిరివేయబడ్డ విల్నవ్ ఆ రాత్రి మరణించాడు, వయసు 32. దీనికి ప్రసిద్ధమైన వివరణ ఇమోలా. రెండు వారాల ముందు అక్కడ ఫెరారీ పిట్ నుంచి నెమ్మదిగా వెళ్లమని బోర్డు చూపితే, ముందున్న తనదే గెలుపని విల్నవ్ అనుకున్నాడు. సహచరుడు పిరోనీ చివరి ల్యాపులో దాటేసి గెలిచాడు. ఆ కోపమే జోల్డర్‌లో ప్రాణం తీసిందని చెప్పేవాళ్లు చాలామంది. ఆ సమయానికి పిరోనీ సమయం విల్నవ్ కంటే మెరుగ్గా ఉన్నమాట నిజమే. కోపం లేదనీ అనలేం. కానీ కోపం ఒక మనిషి తీసుకునే సాహసాన్ని వివరిస్తుంది. ఆ సాహసానికి పడే శిక్షను నిర్ణయించేది కారూ, టైర్లూ, పద్ధతీ. ఒకే ట్రాకు మీద వేగంగా వచ్చే కారుకూ నెమ్మదిగా వెళ్లే కారుకూ అంత తేడా ఉండేలా, తగ్గితే నష్టపోయేలా ఏర్పాటు చేసింది ఏ డ్రైవరూ కాదు. పైగా ఇమోలా గొడవ కూడా ఫోకా లేని బలహీనమైన పోటీలో పుట్టింది. ప్రత్యర్థులు వెంటపడుతూ ఉంటే ఇద్దరు సహచరులు చివరి ల్యాపుల దాకా తమలో తాము ఆడుకునే పరిస్థితి వచ్చేది కాకపోవచ్చు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరానికి జవాబు చెప్పాలి. జోల్డర్ సంగతి సరే, మిగిలిన ప్రమాదాలకు స్కర్టులతో సంబంధమేమిటని అడగవచ్చు. జూన్ 13న మాంట్రియల్‌లో, విల్నవ్ పేరు కొత్తగా పెట్టుకున్న సర్క్యూట్‌లో, మొదటి స్థానంలో నిలిచిన పిరోనీ కారు స్టార్టు దగ్గర ఆగిపోయింది. వెనక నుంచి వేగం పుంజుకుని వచ్చిన ఓసెల్లా డ్రైవరు పాలెట్టి దాన్ని ఢీకొన్నాడు. ఇరవై నాలుగో పుట్టినరోజుకు రెండు రోజుల ముందు ప్రాణం విడిచాడు. ఆగస్టు 7న హాకెన్‌హైమ్‌లో వానలో సాధన చేస్తూ పిరోనీ, నీటి తుంపర్ల తెర వెనక కనిపించని ప్రోస్ట్ కారు వెనక చక్రాన్ని ఎక్కి ఎగిరిపడ్డాడు. ఈ రెండింటికీ గ్రౌండ్ ఎఫెక్ట్ మూలమని అంటే అబద్ధమవుతుంది. ప్రమాదం జరగడానికి కారణం వేరు, జరిగినప్పుడు మనిషికి ఏమవుతుందన్నది వేరు. ముందుకు నెట్టిన కాళ్లు, గుద్దుకున్నప్పుడు మడతపడే అల్యూమినియం ముక్కు, ఏ ఢీ పరీక్షా లేకుండా ట్రాకు ఎక్కిన దేహం ఆ రెండు చోట్లా మనిషిని కాపాడలేదు. కారు ముందుభాగానికి తప్పనిసరి ఢీ పరీక్ష 1985లో గానీ రాలేదు; పాదాలు ముందు ఇరుసుకు వెనకే ఉండాలన్న నియమం 1988లో గానీ రాలేదు. సాంకేతికంగా వీటిని అంతకుముందే చేయడానికి అడ్డేమీ లేదు. అడ్డు వచ్చింది ఒక్కటే: నియమం మార్చే ప్రతి ప్రతిపాదనా ఎవరి బలాన్ని తగ్గిస్తుంది, ఎవరిని గెలిపిస్తుంది అన్న లెక్కలో చిక్కుకోవడం. స్కర్టులు తీసేస్తే టర్బోలకు పట్టం కట్టినట్టేనని బ్రిటిష్ జట్ల భయం. ఫీసా భద్రత పేరెత్తితే అది కంపెనీల పక్షపాతమని వాళ్ల అనుమానం. ఆ అనుమానానికి ఫీసా నడవడి ఆధారమిచ్చింది కూడా. భద్రత అనే మాట ఇరుపక్షాల చేతిలో ఆయుధమైపోయినప్పుడు, అసలు భద్రత ఎవరి పనీ కాకుండా పోయింది.

ఇక చాంపియన్ విషయం. ఒకే విజయంతో వచ్చిన టైటిల్ విలువ తక్కువదనే వాదన 1982 నుంచీ ఉంది. రోస్‌బెర్గ్ 44, పిరోనీ 39, జాన్ వాట్సన్ 39, ప్రోస్ట్ 34. పిరోనీ హాకెన్‌హైమ్ దాకా సంపాదించిన పాయింట్లే చివరికీ 39గా మిగిలాయి. ఆ నాటికి రోస్‌బెర్గ్‌వి 23. ఐదు రేసులు మిగిలి ఉండగా పదహారు పాయింట్ల తేడా. పిరోనీ కాళ్లు విరగకపోతే అతనే చాంపియన్ అయ్యే అవకాశం ఎక్కువ. దీన్ని కాదనడం న్యాయం కాదు. అయితే రోస్‌బెర్గ్‌ను అదృష్టవంతుడని తీసిపారేసేవాళ్లు మిగిలిన లెక్క కూడా చూడాలి. బ్రెజిల్‌లో ట్రాకు మీద సంపాదించిన 6 పాయింట్లు తీర్పులో పోయాయి. ఇమోలాలో పోటీ చేసే అవకాశం బహిష్కరణలో పోయింది. ఆ 6 పాయింట్లు ఉంటే అతనికి 50 అయ్యేవి. బ్రెజిల్ తీర్పుతో లాభపడినవాళ్లలో ప్రోస్ట్, వాట్సన్, పిరోనీ ముగ్గురూ ఉన్నారు. టైటిల్ పోటీలో నిలిచిన ఈ నలుగురిలో అధికార యుద్ధం వల్ల ఎక్కువ నష్టపోయింది రోస్‌బెర్గే. గెలుపుకు అప్పట్లో 9 పాయింట్లు. తర్వాతి కాలంలో లాగా 10 ఇచ్చినా అతనికి 45, పిరోనీకీ వాట్సన్‌కూ 41 చొప్పున వచ్చేవి. క్రమం మారదు. పాల్ రికార్‌లో జట్టు మాట వినని ఆర్నూ దారిచ్చి ఉంటే ప్రోస్ట్‌కు మరో మూడు పాయింట్లే కలిసేవి, అప్పుడూ సరిపోవు.

ఆ మాటకొస్తే 1958లో మైక్ హాథార్న్ కూడా ఒకే విజయంతో, నాలుగు రేసులు గెలిచిన స్టిర్లింగ్ మాస్‌ను దాటి చాంపియన్ అయ్యాడు. చాంపియన్‌షిప్ అంటే గెలుపుల పోటీ అని కాకుండా ఏడాది పొడవునా నిలబడే పోటీ అని ఆ పాయింట్ల పద్ధతే చెబుతోంది. 1981లో ఒక్క పాయింటూ తెచ్చుకోలేని రోస్‌బెర్గ్, అలన్ జోన్స్ తప్పుకోవడంతో విలియమ్స్‌లోకి వచ్చాడు. రెండు రేసుల తర్వాత సహచరుడు కార్లోస్ రాయిట్‌మన్ కూడా రేసింగ్ మానుకోవడంతో జట్టు భారమంతా తన మీదే పడింది. శక్తి తక్కువైన డీఎఫ్‌వీతో 10 రేసుల్లో పాయింట్లు సాధించాడు. హాకెన్‌హైమ్‌లో పిరోనీ ప్రమాదం తర్వాత తలుపు తెరుచుకున్నప్పుడు మూడో స్థానం, రెండో స్థానం, మొదటి స్థానం వరుసగా అందుకున్నాడు. ఆ మొదటి స్థానం స్విస్ గ్రాండ్ ప్రిలో. 1955 లె మాన్ దుర్ఘటన తర్వాత స్విట్జర్లాండ్ సర్క్యూట్ రేసింగ్‌ను నిషేధించింది కనుక ఆ రేసు ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో జరిగింది. టర్బో రెనోలో ముందు నడుస్తున్న ప్రోస్ట్‌ను చివర్లో దాటి గెలిచాడు. లాస్ వేగస్‌లో వాట్సన్ గెలిచి తనకు పాయింట్లేవీ రాకపోతేనే టైటిల్ చేజారుతుంది. ఐదో స్థానంతో అతను ఆ సందేహం తీర్చాడు. కార్లు మధ్యలో ఆగిపోయే, మనుషులు మధ్యలో ఒరిగిపోయే ఏడాదిలో చివరిదాకా కారునూ తననూ కాపాడుకోవడమే అసలు పరీక్ష. ఆ పరీక్షలో అతను నెగ్గాడు. నిర్మాతల టైటిల్ మాత్రం 74 పాయింట్లతో ఫెరారీకి వెళ్లింది. ఇద్దరు డ్రైవర్లనూ పోగొట్టుకున్న జట్టే అత్యుత్తమ కారు కట్టిన జట్టని తేలడం ఆ సీజన్‌లోని అతి బాధాకరమైన అంకె.

చివరి అభ్యంతరం అన్నిటికంటే గంభీరమైనది. గ్రౌండ్ ఎఫెక్టే చిన్న జట్లను బతికించిందని ఒప్పుకున్నాక, దాన్ని నిషేధించడమంటే పోటీని చంపడమే కదా, 1982 అందానికి ఆ ప్రమాదమే మూల్యం కదా అని అడిగేవాళ్లున్నారు. దీనికి జవాబు 1983 ఇచ్చింది. ఆ ఏడాదికి ఫీసా, భద్రతను ఆధారంగా చూపి, చక్రాల మధ్య కారు అడుగు చదునుగా ఉండాలని తప్పనిసరి చేసింది. కనీస బరువును 540 కిలోలకు తగ్గించి నీళ్ల ట్యాంకుల తగాదాకు తెర దించింది. అయినా 1983లో 15 రేసులకు 8 మంది విజేతలు వచ్చారు. లాంగ్ బీచ్, మొనాకో, డెట్రాయిట్ వీధుల్లో కాస్‌వర్త్ కార్లే గెలిచాయి. టర్బో మార్గం నిజంగా ఏకపక్షమైంది 1984లో, 16లో 12 రేసులను మెక్‌లారెన్ గెలిచినప్పుడు. అప్పటికి టర్బోలు నమ్మకంగా నడవడం నేర్చుకున్నాయి, అది ఎప్పటికైనా జరగవలసిందే. అంటే పోటీని నిలిపే దారి స్కర్టులు ఒక్కటే కాదు. ఇక భద్రత మాటకొస్తే, మాంట్రియల్ తర్వాత గ్రాండ్ ప్రి వారాంతంలో డ్రైవరు మరణం 1994లో ఇమోలా దాకా లేదు. మధ్యలో 1986లో డి ఆంజెలిస్ పాల్ రికార్‌లో పరీక్షా పరుగులో చనిపోయాడు. కాబట్టి ప్రమాదం పోయిందని చెప్పలేం. చదును అడుగు ఒక్కటే ఈ మార్పు తెచ్చిందనీ అనలేం. కార్బన్ ఫైబర్ దేహాలు విస్తరించాయి, డాక్టర్ సిడ్ వాట్‌కిన్స్ నాయకత్వంలో వైద్య ఏర్పాట్లు బలపడ్డాయి, ఢీ పరీక్షలు వచ్చాయి. కానీ ఇవన్నీ సాధ్యమైంది నియమాన్ని నిర్ణయించే చేయి ఒక్కటైన తర్వాతే, ఆ నిర్ణయాన్ని ఇరుపక్షాలూ మన్నించిన తర్వాతే.

కనుక 1982ను కొలవడానికి అద్భుతం, అభాగ్యం అన్న రెండు మాటలు చాలవు. ఆ ఏడాది పదకొండుమంది గెలిచింది రెండు సాంకేతిక మార్గాలు సమానంగా తూగినందుకు. అవి తూగింది ఒక పక్షం ప్రమాదకరమైన పట్టును వదులుకోలేనందుకు. వదులుకోలేనిది దాన్ని వదలమని చెప్పే హక్కు ఎవరిదో తేలనందుకు. ఉత్కంఠనూ మరణాలనూ ఒకే గొలుసు కలుపుతోందని ఒప్పుకున్నప్పుడు ఆ సీజన్‌ను ప్రేమించడం కష్టమవుతుంది. కానీ దాన్ని గౌరవించడానికి నిజమైన దారి అదే. రోస్‌బెర్గ్ విజయాన్ని అదృష్టమనడం అతనికి అన్యాయం. విల్నవ్, పాలెట్టిల మరణాలను విధి అనడం వాళ్లకు అంతకంటే పెద్ద అన్యాయం. ఏ క్రీడలోనైనా నియమం రాసేవాళ్లు, ఆ నియమం కింద ప్రాణం పణంగా పెట్టేవాళ్లు వేరువేరు మనుషులైనప్పుడు రెండోవారి మాటకు మొదటి చోటు ఉండాలి. 1982 జనవరిలో కయలామీలో డ్రైవర్లు అడిగింది దాదాపు ఇదే. ఏడాది ముగిసేసరికి దాన్ని నిరాకరించడానికి మిగిలిన వాదన ఏదీ లేదు. పోటీ ఎంత రసవత్తరంగా ఉన్నా, భద్రతను బేరసారాల్లో ఒక వస్తువుగా మార్చిన సీజన్‌ను స్వర్ణయుగం అని పిలవకూడదు. పాఠం అని పిలవాలి, ఆ పాఠాన్ని అంకెలతో సహా గుర్తుపెట్టుకోవాలి.